నాలుగు మడులు, మూడు డిస్కులు

సర్వర్ ముందువైపు ఒక్కో డిస్కుకు ఒక్కో చిన్న దీపం ఉంటుంది. పచ్చగా వెలిగితే డిస్కు పనిలో ఉన్నట్టు. ఎర్రబడితే డిస్కులను నడిపే కంట్రోలర్ దాన్ని పక్కన పెట్టేసినట్టు. నాలుగు డిస్కులను కలిపి ఒకే నిల్వగా వాడే రెయిడ్-5 అమరికలో ఒక దీపం ఎర్రబడినా పని నడుస్తూనే ఉంటుంది. రెండోదీ ఎర్రబడితే మాత్రం మొత్తం నిల్వ ఒక్కసారిగా కనిపించకుండా పోతుంది. ఫోల్డర్లు తెరుచుకోవు, బిల్లింగ్ ఆగిపోతుంది. రెయిడ్-5 ఒక్క డిస్కు నష్టాన్నే తట్టుకుంటుందని పుస్తకాలన్నీ చెబుతాయి కాబట్టి యజమాని ఆశ వదిలేసుకుంటాడు. డేటా రికవరీ చేసేవాళ్ల పని అక్కడే మొదలవుతుంది. కొన్నిసార్లు వాళ్లు ఒక్క బైటు కూడా పోకుండా మొత్తాన్ని వెనక్కి తెస్తారు. రెండు డిస్కులు పోయాక కూడా అది ఎలా కుదురుతుందో అర్థమైన కొద్దీ ఆ పనివాళ్ల మీద నాకు గౌరవం పెరుగుతూ వచ్చింది.

ఇది మనకు దూరపు విషయం కాదు. గాండ్లపెంటలో రైతు గ్రామ సచివాలయానికి వెళ్లి అడంగల్ అడిగితే ఆ వివరం ఎక్కడో ఒక డేటా సెంటర్‌లోని డిస్కుల మీద నుంచి వస్తుంది. ధర్మవరంలో పట్టుచీరల లెక్కలు, కదిరిలో స్కానింగ్ బొమ్మలు, హిందూపురంలో ఫ్యాక్టరీ రికార్డులు, సీసీ కెమెరాల రికార్డింగులు ఇప్పుడు చాలావరకు డిస్కుల మీదే ఉంటున్నాయి. ఈ రికవరీ పనికి ఆధారమైన గణితం కూడా మనకు దగ్గరిదే. దాని మూలాల్లో ఒకటి పంట పొలాల ప్రయోగాల్లో ఉంది. ఆ లెక్క రాసినవాడు తెలుగువాడు.

గాండ్లపెంట పక్కనే కదిరిలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. కదిరి-6, కదిరి లేపాక్షి అనే వేరుశనగ రకాలు అక్కడివే. ఆ రెండు రకాల్లో ఏది మేలో, జిప్సం వేస్తే లాభమా, ఒక తడి అదనంగా ఇస్తే లాభమా అని ఒకేసారి తేల్చాలనుకుందాం. మూడు ప్రశ్నలు, ఒక్కోదానికి రెండేసి జవాబులు. అన్ని కలయికలూ వేసి చూడాలంటే ఎనిమిది మడులు కావాలి. నాలుగు మడులతోనే సరిపెట్టే దారి ఒకటుంది. మొదటి మడిలో కదిరి-6 వేసి, జిప్సం, అదనపు తడి రెండూ మానేయాలి. రెండో మడిలో అదే రకానికి జిప్సం, తడి రెండూ ఇవ్వాలి. మూడో మడిలో లేపాక్షి వేసి తడి మాత్రమే ఇవ్వాలి. నాలుగో మడిలో లేపాక్షికి జిప్సం మాత్రమే వేయాలి. ఇప్పుడు ఏ రెండు అంశాలను తీసుకున్నా, వాటి నాలుగు జోడింపులూ ఈ నాలుగు మడుల్లో ఒక్కోసారి కచ్చితంగా వస్తాయి. ఏ అంశమూ మరొకదానికి పక్షపాతం చూపదు.

ఇలాంటి పట్టికల సాధారణ సిద్ధాంతాన్ని నిర్మించినవారు కల్యంపూడి రాధాకృష్ణారావు, అంటే సి.ఆర్.రావు. 1920 సెప్టెంబరు 10న బళ్లారి ప్రాంతంలోని హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1947లో అచ్చయిన ఆయన వ్యాసం ఈ పట్టికలను నిలబెట్టింది. వీటిని ఆర్తోగొనల్ అర్రేలంటారు. ఆయన పేరు వినగానే అందరికీ గణాంక శాస్త్రంలోని క్రామర్-రావు అసమానత గుర్తొస్తుంది. ఈ పట్టికలకు కూడా అంతే పేరు రావాలని నా అభిప్రాయం.

ఆ నాలుగు మడులనే అంకెల్లో రాద్దాం. కదిరి-6కు 0, లేపాక్షికి 1. వేయకపోతే 0, వేస్తే 1. అప్పుడు మడులు 000, 011, 101, 110 అవుతాయి. ప్రతి వరుసలోనూ ఒకట్ల సంఖ్య సరిసంఖ్యే: సున్నా లేదా రెండు. ఏదైనా ఒక నిలువు వరుసను చేత్తో మూసేయండి. మిగిలిన రెండింటిని చూసి మూసిన అంకె ఏదో తడుముకోకుండా చెప్పొచ్చు, ఒకట్ల సంఖ్య సరిగా ఉండాలి కాబట్టి. మూడు నిలువు వరుసల స్థానంలో మూడు డిస్కులను పెడితే అదే రెయిడ్-5 సూత్రం. రెండు డిస్కుల్లో డేటా ఉంటుంది. మూడోదానిలో ఒకట్లను సరిసంఖ్య చేసే అంకె ఉంటుంది. దాన్నే ప్యారిటీ అంటారు. డిస్కులు నాలుగైనా పదైనా సూత్రం మారదు.

1988లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ రెయిడ్ గురించి తమ ప్రసిద్ధ పత్రాన్ని ప్రచురించారు. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనే బదులు చవకైన చిన్న డిస్కులను చాలా కలిపి వాడుకోవచ్చనీ, వాటిలో ఒకటి పోయినా ప్యారిటీ కాపాడుతుందనీ వాళ్ల వాదన. పొలం ప్రయోగాల పట్టికల నుంచి వాళ్లు ఈ ఆలోచన తీసుకున్నారని నేను చెప్పడం లేదు. రెండింటి అడుగునా ఉన్న గణితం ఒకటే అంటున్నాను.

ఈ పట్టికలో రికవరీకి ప్రాణమైన విషయం ఒకటుంది. ప్యారిటీ లెక్క డిస్కు మొత్తానికి ఒకటి కాదు, ఒక్కో అడ్డవరుసకు విడిగా ఉంటుంది. మొదటి డిస్కులో వెయ్యో సెక్టారు, అంటే డిస్కు మీది వెయ్యో చిన్న గడి, చదవలేకపోతే, మిగతా డిస్కుల్లోని వెయ్యో సెక్టార్లు ఉంటే చాలు. రెండో డిస్కులో రెండువేలో సెక్టారు పాడైతే, ఆ వరుసకు మొదటి డిస్కు సాక్ష్యం పనికొస్తుంది. కాబట్టి రెండు డిస్కులు పాడైనా, వాటి మచ్చలు ఒకే అడ్డవరుసలో పడకపోతే అంతా దక్కుతుంది. కంట్రోలర్ ఇంత సన్నగా చూడదు. డిస్కు జవాబివ్వడం ఆలస్యమైతే మొత్తం డిస్కునే వెలివేస్తుంది. అందుకే రెయిడ్ కోసం చేసిన డిస్కులు చదవలేని సెక్టారు దగ్గర సాధారణంగా ఏడు సెకన్లకు మించి ఆగకుండా, చదవలేకపోయామని చెప్పేస్తాయి. మామూలు కంప్యూటర్ల డిస్కులు అంతకంటే చాలాసేపు మొండిగా ప్రయత్నిస్తాయి. వాటిని సర్వర్‌లో పెడితే, లక్షల సెక్టార్లు బాగున్నా ఒక్క సెక్టారు కోసం డిస్కు వరుస నుంచి బయటపడుతుంది.

రెండో డిస్కు చాలాసార్లు మొదటిదానికి చికిత్స జరుగుతుండగానే పోతుంది. కొత్త డిస్కు పెట్టి రీబిల్డ్ మొదలుపెడితే మిగిలిన డిస్కులన్నిటినీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. నాలుగు టెరాబైట్ల డిస్కులు నాలుగు ఉంటే, మూడింటి నుంచి 12 టెరాబైట్లు చదవాలన్నమాట. మామూలు డిస్కులకు తయారీదారులు రాసే హామీ ఏమిటంటే 10^14 బిట్లకు ఒకటికి మించి చదవలేని చోటు రాదని. అంటే సుమారు 12.5 టెరాబైట్లు. డిస్కులు ఈ హామీకన్నా మెరుగ్గానే నడుస్తాయి గానీ, ఏళ్ల తరబడి ఎవరూ తాకని మూలలో దాక్కున్న మచ్చ బయటపడేది ఆ రీబిల్డ్ సమయంలోనే.

పనివాడి బల్ల దగ్గరికి వద్దాం. అక్కడ మొదటి పని దేన్నీ మార్చకపోవడం. ప్రతి డిస్కు మీదా అది సర్వర్‌లో ఏ అరలో ఉండేదో రాస్తాడు. డిస్కు మీద పొరపాటున కూడా ఒక్క అక్షరం రాయకుండా మధ్యలో రైట్ బ్లాకర్ పెడతాడు. తర్వాత ఒక్కోదాన్ని విడిగా పరీక్షిస్తాడు. కరెంటు ఇచ్చినా చప్పుడే లేకపోతే అడుగునున్న సర్క్యూట్ బోర్డు మీద అనుమానం. టక్ టక్ మని ఒకే లయలో కొట్టుకుంటుంటే చదివే హెడ్లు చెడినట్టు. ఆ శబ్దం వింటే వెంటనే కరెంటు ఆపేస్తాడు. హెడ్డు తిరుగుతున్న పళ్లేనికి కొద్ది నానోమీటర్ల ఎత్తులో గాలి పొర మీద తేలుతుంది. చెడిన హెడ్డు ఒక్క నిమిషం గీసినా ఆ గీతలో ఉన్నది ఏ గణితానికీ దొరకదు.

బోర్డు మార్చడం చూడటానికి తేలిక. అదే మోడల్ బోర్డు తెచ్చి బిగిస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ ప్రతి డిస్కుకూ ఫ్యాక్టరీలోనే దాని హెడ్లకు తగ్గ సర్దుబాట్లు కొలిచి బోర్డు మీది చిన్న రోమ్ చిప్పులో రాసి పెడతారు. రోమ్ అంటే కరెంటు పోయినా చెరగని మెమరీ. అందుకే పాత బోర్డు నుంచి ఆ చిప్పును టంకం వేడి చేసి తీసి కొత్త బోర్డు మీదికి మార్చాలి. హెడ్లు మార్చాలంటే దుమ్ము లేని గాలి వీచే బల్ల కావాలి. అదే మోడల్, అదే హెడ్ల అమరిక ఉన్న దాత డిస్కు కావాలి. దాత హెడ్లను దువ్వెన లాంటి పనిముట్టుతో ఒకదానికొకటి తగలకుండా విడదీసి పట్టుకుని, పళ్లేల అంచు నుంచి లోపలికి జరుపుతారు. ఆ దువ్వెన పళ్ల దూరం కూడా మోడల్‌ను బట్టి మారుతుంది.

హెడ్లు మార్చిన డిస్కు ఎక్కువ కాలం బతకదు. దాని నుంచి ఒక్కసారి నకలు తీసుకుంటే చాలు. ఈ నకలు తీసే పద్ధతిలో గొప్ప తెలివి ఉంది. అంటోనియో డియాజ్ డియాజ్ రాసిన గ్నూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము దీనికి మంచి ఉదాహరణ. అది తొలివిడతలో పెద్ద పెద్ద ముక్కలుగా చదువుతుంది. పాడైన చోటు తగిలితే అక్కడ పట్టుబట్టదు, దాటి ముందుకు దూకుతుంది. మళ్లీ తగిలితే ఇంకా దూరం దూకుతుంది. డిస్కు ప్రాణం ఉండగానే బాగున్న భాగమంతా చేతికి రావాలన్నది ఆలోచన. తర్వాతి విడత వెనక నుంచి ముందుకు వస్తుంది, ఎందుకంటే మచ్చ అవతలి అంచు ఆ దిశ నుంచి దొరుకుతుంది. ఆపైన అంచులను ఒక్కో సెక్టారుగా కత్తిరిస్తుంది, చివరికి నడుమ మిగిలిన దాన్ని గీకుతుంది. ఏ చోటు ఏ దశలో ఉందో ఒక పట ఫైల్లో రాసుకుంటూ పోతుంది. అసలు ప్రయత్నించని చోటుకు ప్రశ్నార్థకం, దక్కిన చోటుకు కూడిక గుర్తు, పాడైన సెక్టారుకు తీసివేత గుర్తు. మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే సాగుతుంది. ఈ పటం రెయిడ్‌కు రెండింతలు విలువైనది. నాలుగు డిస్కుల పటాలను పక్కపక్కన పెడితే ఏ వరుసల్లో ఒకే తీసివేత గుర్తు ఉందో, అంటే ప్యారిటీ పూరించగలదో, ఏ వరుసల్లో రెండున్నాయో ముందే తెలిసిపోతుంది. ఇక్కడి నుంచి అసలు డిస్కులను ఎవరూ తాకరు. పనంతా నకళ్ల మీదే.

ఇప్పుడు ఆ నాలుగు నకళ్లను ఏ క్రమంలో కుట్టాలో తేల్చాలి. డేటాను నిర్ణీత పరిమాణంలో ముక్కలు చేసి డిస్కుల మీద వరుసగా పంచుతారు. ప్యారిటీ ఒకే డిస్కు మీద ఉంటే రాసిన ప్రతిసారీ ఆ డిస్కు మీదే భారం పడుతుంది కాబట్టి దాన్ని అడ్డవరుసకొకటి చొప్పున తిప్పుతారు. నాలుగు డిస్కులకు 24 క్రమాలు, తిప్పడానికి ప్రధానంగా నాలుగు పద్ధతులు. ముక్క పరిమాణం 4 కిలోబైట్ల నుంచి 1024 దాకా రెట్టింపవుతూ పోతే తొమ్మిది రకాలు. మొత్తం 864 అవకాశాలు. లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ అయితే సాధారణంగా ప్రతి డిస్కు మొదట్లోనే తన వివరాలు రాసుకుంటుంది కాబట్టి వెతుకులాట తక్కువ. ఆ వివరాలు చెరిగిపోతే డేటానే అడగాలి.

నాకు అన్నిటికన్నా నచ్చిన దశ ఇది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో మాస్టర్ ఫైల్ టేబుల్ అనే జాబితా ఉంటుంది. ప్రతి ఫైలుకూ 1024 బైట్ల చీటీ ఒకటి. చీటీ మొదట్లో 'ఫైల్' అనే పదానికి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, లోపల దాని వరుస సంఖ్య. ముక్క పరిమాణం 64 కిలోబైట్లయితే ఒక ముక్కలో సరిగ్గా 64 చీటీలు పడతాయి. జాబితా ఒక అడ్డవరుస మొదట్లోనే ప్రారంభమైందనుకుందాం. ఒక నకల్లో 0 నుంచి 63 దాకా వరుసగా కనిపించి ఆగితే అది మొదటి డిస్కు, ముక్క పరిమాణం 64. 64 నుంచి 127 దాకా ఉన్నది రెండోది, 128 నుంచి 191 దాకా ఉన్నది మూడోది. నాలుగో నకల్లో అదే చోట ప్యారిటీ ఉండాలి.

తమాషా ఏమిటంటే ఆ ప్యారిటీ కూడా చీటీల జాబితాలాగే కనిపిస్తుంది. మూడు డేటా ముక్కల్లోనూ అవే నాలుగు అక్షరాలు ఉన్నాయి కాబట్టి, సరి-బేసి లెక్కలో రెండు రద్దయి మూడోది మిగులుతుంది. ప్యారిటీలోనూ 'ఫైల్' అని వస్తుంది. వరుస సంఖ్యల సంగతి ఇంకా విచిత్రం. 0, 64, 128లను అదే లెక్కలో కలిపితే 192 వస్తుంది. తర్వాతివి 193, 194. అంటే ప్యారిటీ ముక్క అచ్చం జాబితాకు కొనసాగింపులా 192 నుంచి 255 దాకా లెక్కపెడుతుంది! తొందరపడేవాడు దాన్ని డేటా అనుకుంటాడు. ఓపికున్నవాడు ఆ నకల్లోనే కిందికి జరుగుతాడు. ప్యారిటీని ఎడమకు జరుపుతూ డేటాను చుట్టి పంచే లెఫ్ట్ సిమెట్రిక్ పద్ధతిలో అసలు 192వ చీటీ అదే డిస్కు మీద, వెంటనే కింది అడ్డవరుసలో ఉంటుంది. ఒకే డిస్కులో ఒకదాని కింద ఒకటి రెండు 192లు. చీటీ లోపల ఫైలు పేరు చూస్తే నిజం తెలుస్తుంది. ఒకదానిలో చదవదగ్గ పేరు ఉంటుంది, మరొకదానిలో మూడు పేర్లు కలిసిపోయిన చిందరవందర. చదవలేని పేరున్నది ప్యారిటీ. దాంతో డిస్కుల క్రమం, ముక్క పరిమాణం, తిప్పే పద్ధతి మూడూ ఒకేసారి తేలిపోతాయి.

ఆ పద్ధతి అందం కూడా ఇక్కడే తెలుస్తుంది. అందులో వరుసగా వచ్చే ఏ నాలుగు డేటా ముక్కలైనా నాలుగు వేర్వేరు డిస్కుల మీద పడతాయి. పెద్ద ఫైలు చదివేటప్పుడు నాలుగు డిస్కులూ సమంగా పనిచేస్తాయి. లైనక్స్ దాన్నే మామూలు పద్ధతిగా పెట్టుకోవడానికి కారణం ఉంది.

ఇక పాతబడిన డిస్కు సమస్య. రెండు ఎర్ర దీపాల్లో ఒకటి వారం క్రితమే వెలిగి ఉండొచ్చు, ఎవరూ చూసి ఉండరు. ఆ డిస్కు మీద వారం నాటి డేటా ఉంటుంది, మిగతావాటి మీద ఇవాళ్టిది. వాటిని కలిపి కుడితే ఫైళ్లు పైకి బాగున్నట్టే ఉండి లోపల పాడవుతాయి. లైనక్స్ ప్రతి డిస్కు మీదా ఒక సంఘటనల లెక్క రాస్తుంది, లెక్క వెనకబడినది పాత డిస్కు. అది లేనిచోట నాలుగు నకళ్లనూ వరుసవారీగా సరి-బేసి లెక్క వేసి చూస్తారు. బాగున్న వరుసలో ఫలితం సున్నా రావాలి. ఇటీవల రాసిన చోట్లలో సున్నా రాకపోతే ఎవరో ఒకరు వెనకబడ్డారన్నమాట. ఎవరన్నది, ఒక్కో డిస్కునూ వదిలేసి కొత్త ఫైళ్లు తెరిచి చూస్తే తెలుస్తుంది. ఈ లెక్క డిస్కుల క్రమం గురించి ఏమీ చెప్పదు, ఎటు నుంచి కూడినా సున్నా సున్నాయే.

చివరి పరీక్షకు మంచి పనివాడు పెద్ద ఫైలునే ఎంచుకుంటాడు. 64 కిలోబైట్లకు లోపున్న చిన్న ఫైలు ఒకే ముక్కలో ఇమిడితే డిస్కుల క్రమం తప్పయినా చక్కగా తెరుచుకుంటుంది. అది తప్పుడు సాక్ష్యం. అనేక అడ్డవరుసల మీదుగా సాగిన ఫొటో నడుమ విరగకుండా కనిపించాలి. ఇప్పటి ఎక్సెల్ ఫైళ్లు లోపల జిప్ రూపంలో ఉంటాయి, ప్రతి భాగానికీ సరిచూసే సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య కలిసిందంటే లోపలి ప్రతి అంకె తన చోటుకు చేరినట్టే.

రెయిడ్-6లో రెండు డిస్కులు పూర్తిగా పోయినా పరవాలేదు. అందులో మామూలు ప్యారిటీతో పాటు, ఒక్కో డిస్కుకు ఒక్కో గుణకం వేసి చేసిన రెండో ప్యారిటీ ఉంటుంది. రెండు తెలియని విలువలకు రెండు సమీకరణాలు. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సోలొమన్ ఇచ్చిన కోడ్ల కుటుంబానికి చెందింది ఈ లెక్క. ఆ కోడ్లు కూడా ఆర్తోగొనల్ అర్రేలే, కాకపోతే ఇంకా బలమైనవి. ఆ అర్రేల సిద్ధాంతం ఇచ్చిన రావు గారు 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకుని, ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ఆయన పేరున పరిశోధన సంస్థ ఉంది.

సర్వర్ పెట్టుకున్నవాళ్లకు ఒక మాట. రెండో దీపం ఎర్రబడితే వెంటనే కరెంటు ఆపండి. రీబిల్డ్ అన్నా, ఇనిషియలైజ్ అన్నా, చెక్‌డిస్క్ అన్నా ఒప్పుకోకండి. డిస్కు మూత తెరవకండి. బయటికి తీసే ముందే ఏ అర నుంచి ఏది తీశారో దాని మీద రాయండి. అన్నిటికన్నా ముఖ్యం, రెయిడ్ పని ఆగకుండా చూస్తుందే గానీ బ్యాకప్‌కు బదులు కాదు. పొరపాటున చెరిపేసిన ఫైలును అది అన్ని డిస్కుల మీదా ఒకేసారి చెరిపేస్తుంది. కాబట్టి మరో కాపీ వేరే డిస్కు మీద, వేరే చోట ఈ వారమే పెట్టుకోండి.